పడవ అడుగున పెంకులు

పెద్దోడు నీళ్లలోంచి లేచి, పిడికిట్లో ఉన్నవి పడవ మీదకు విసిరాడు. గవ్వల్లాంటి తెల్లటి పెంకులు చెక్కల మీద టపటపా రాలాయి. ఒకటి దొర్లుకుంటూ వెళ్లి పడవ యజమాని కాలికి తగిలి ఆగింది.

"ఏంటివి బాబాయ్?"

యజమాని వంగి చూడలేదు. "పెంకులు. రోజంతా నీళ్లలో ఉండే పడవకు పెంకులు పట్టవా? గీకమని నిన్నెవరడిగారు? మంచం దిగి నాలుగు రోజులు కాలేదు. ముందు పైకి రా."

ఎవరూ అడగలేదు. అందుకే పెద్దోడి ఒళ్లు ఇంకా మండింది. పడవల అడుగులు గీకడం అతని వృత్తి. తమ్ముడు చిన్నోడు చిన్న పడవతో సముద్రం మీదకు వెళ్లి తప్పిపోయి నెల దాటింది. అదే వారం పెద్దోడు టైఫాయిడ్‌తో పడ్డాడు. ప్రభుత్వ పడవలు మూడు రోజులు తిరిగి చేతులెత్తేశాయి. ఈ బాబాయ్ ఒక్కడే రోజూ వెతకడానికి వెళ్తున్నాడని తల్లి చెబితే, పడుకున్నచోటే చేతులు జోడించాడు. లేచాక మొదటి పని ఈ పడవ అడుగు శుభ్రం చేయడమేనని ఆ రోజే అనుకున్నాడు. నెల రోజులు ఒకే తలగడ మీద పడి ఉండి ఎడమ చెవి కింద కమిలిపోయింది. ఆ నొప్పితోనే నీళ్లలోకి దిగాడు.

"ఇవి అడుగువి కావు," అన్నాడు పడవ ఎక్కుతూ. "పడవను నెట్టే ఫ్యానువి."

యజమాని కాలి దగ్గరి పెంకును పక్కకు తోశాడు.

"తిరిగే ఫ్యానుకి పెంకు పట్టదు బాబాయ్. పదిహేనేళ్లుగా గీకుతున్నాను, ఈ ఒక్క విషయం నాకు తెలుసు. చిన్నోడు వెళ్లడానికి రెండు రోజుల ముందు నేనే దాన్ని తోమి అద్దంలా పెట్టాను. ఇప్పుడు ప్రతి రెక్కకీ గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. ఫ్యానుకీ పడవకీ మధ్య నాచు అల్లుకుపోయింది. ఒక్కటంటే ఒక్కసారి ఇంజను వేసినా అది తెగిపోయేది."

"నీకింకా నీరసం తగ్గలేదురా."

"నా నీరసం సంగతి తర్వాత. ఏ రోజు వెళ్లావో చెప్పు."

గట్టు మీద తాడు చుడుతున్న వాచ్‌మన్ దగ్గి, మొహం తిప్పుకున్నాడు.

"ఓహో. అందరికీ తెలుసన్నమాట. వెర్రివాడిని నేనొక్కడినే." పెద్దోడు ఒక అడుగు ముందుకు వేశాడు. "దీపస్తంభం దాటి వెళ్లావట. రాళ్ల చుట్టూ రెండుసార్లు తిరిగావట. ఒకరోజు చిన్నోడి నీలం చొక్కా తేలుతూ కనిపించిందనీ, దగ్గరికెళ్తే గోనెసంచనీ చెప్పావట. అది విని రాత్రంతా ఏడ్చాను. ఎక్కడ కూర్చుని అల్లావు ఇవన్నీ? టీ తాగుతూ అల్లావా?"

"నీలం చొక్కా," అన్నాడు యజమాని మెల్లగా, ఆ మాట మొదటిసారి వింటున్నట్టు.

"నన్ను మోసం చేస్తే చేశావు. మా అమ్మనీనా? రోజూ చీకటి పడేసరికి మీ ఇంటి దాకా నడిచొచ్చి కబురు కనుక్కుని వెళ్లేది. ఆవిడ మొహం చూస్తూ అన్ని అబద్ధాలు చెప్పడానికి నీకు నోరెలా వచ్చింది?"

"అమ్మను ఇందులోకి లాగకు."

"ఎందుకు, సిగ్గేస్తోందా?"

యజమాని నీళ్లవైపు తిరిగాడు. "భయమేసింది. అలలు పెద్దవిగా ఉన్నాయి, వెళ్లలేదు. పిరికివాడిని. చాలా? తిట్టుకో."

"తిట్టి నోరు పాడుచేసుకోను. తాళంచెవి ఇవ్వు, నేనే వెళ్తాను."

"నిలబడటానికే ఊగిపోతున్నావు, ఎక్కడికి వెళ్తావు?"

"తాళంచెవి."

"నా దగ్గర లేదు."

పెద్దోడు అతని చొక్కా పట్టుకున్నాడు. జేబులు తడిమాడు. ఒక రుమాలు, ఒక కళ్లజోడు. ఇంజను పక్కన, తాళంచెవి ఎప్పుడూ వేలాడే మేకు ఖాళీగా ఉంది. దాని మీద సాలెపురుగు గూడు కట్టింది.

"ఎక్కడ దాచావు?" రెండు చేతులతో చొక్కా బిగించి ఊపాడు. తండ్రి వయసు మనిషి వెనక్కి తూలాడు కానీ చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. "చెప్పు. ఈ రోజు నీ సంగతో నా సంగతో తేలిపోవాలి."

"బాబాయ్‌ని వదలరా."

తల్లి గట్టు మీద నిలబడి ఉంది. ఎప్పుడు వెళ్లాడో, వాచ్‌మన్ ఆమె వెనకాలే రొప్పుతూ వస్తున్నాడు. ఆమెకు ఒక కాలికే చెప్పు ఉంది.

"అమ్మా, ఈ పెంకులు చూడు. ఈ మనిషి ఒక్కరోజు కూడా కదల్లేదు. నీకు చెప్పినవన్నీ..."

"బాబాయ్ నాకేమీ చెప్పలేదు."

పెద్దోడి చేతులు చొక్కా మీదే ఆగిపోయాయి.

"వద్దు వదినా," అన్నాడు యజమాని.

ఆమె పడవలోకి దిగింది. కింద కూర్చుని పెంకులు ఒక్కొక్కటే ఏరి ఒళ్లో వేసుకోసాగింది. తల ఎత్తకుండానే మాట్లాడింది.

"నాలుగో రోజు తెల్లవారుజామున మీ బాబాయ్ బయల్దేరబోయాడు. ఇంజను చప్పుడు విని, నూట నాలుగు జ్వరంతో నువ్వు గడప దాకా పాక్కుంటూ వెళ్లావు, నేనూ వస్తానని. నీకు గుర్తులేదు. ఆ చప్పుడు మళ్లీ వినపడితే నువ్వూ దక్కవనిపించింది."

పెద్దోడు చొక్కా వదిలేశాడు.

"తాళంచెవి ఎక్కడమ్మా?"

"నీ తలగడలో ఉంది," అంది తల్లి. "దూది మధ్య పెట్టి నేనే కుట్టాను."