ముందు పుస్తకం

చెల్లెలు సునందను చేర్పించిన ఆసుపత్రి నుంచి గిరిధర్ నేరుగా చందాపురలో అక్క ఇంటికొచ్చాడు. హెల్మెట్ చేతిలో పట్టుకునే గుమ్మంలో నిలబడ్డాడు.

“సునంద ఎట్లుండాది? కాన్పయిందా?” అంది వసుంధర.

“ముందు పుస్తకాల సంగతి, తర్వాతే ఇంటి సంగతి. రూలు నీదే కదక్కా.”

ఎప్పుడూ ఆ రూలుకి విసుక్కునే తమ్ముడు ఈ రోజు తనే గుర్తుచేసేసరికి, శుభవార్త చెప్పకుండా ఊరిస్తున్నాడనుకుంది. నవ్వింది.

“సరేప్పా, విను. ఈసారి పత్రికకి నా వ్యాసం నవలల్లో పురుళ్ల మీద. ఏ నవల తీసినా లోపల్నుంచి కేర్‌మని ఏడుపు వినబడతాది, బయట అందరూ నవ్వుతారు. మనిషి ఏడిస్తే లోకం సంతోషించేది ఆ ఒక్కసారే. ఎట్లుంది?”

“బాగుంది. ఇంకా?”

“ఇంకేముంది? ముగింపులో సునంద బిడ్డ ఏడుపే రాస్తా. గట్టిగా ఏడ్చిందా?”

గిరిధర్ హెల్మెట్ పట్టీని వేలికి చుట్టుకున్నాడు.

“ఏడవలేదక్కా. ఏడిపించాలని డాక్టర్లు చానాసేపు చూసినారు.”

వసుంధర గుమ్మం దాకా వచ్చింది.

“సునందకి తెలుసా?”

“ఇంకా మత్తులోనే ఉండాది. నువ్వు రా అక్కా. అది కళ్లు తెరిచినాక, ముందు ఏదైనా పుస్తకం సంగతి చెప్పు.”