తల్లిని చూపించు

కండక్టరమ్మ డ్యూటీ దిగి, యూనిఫారంతోనే పెంపుడు జంతువుల దుకాణంలోకి వచ్చింది. ముఖంలో చిరాకు కొట్టొచ్చినట్టు కనబడుతోంది.

గాజు పెట్టెలో ఐదు పిల్లి పిల్లలున్నాయి.

"రండి మేడమ్!" దుకాణదారు లేచాడు. "విదేశీ జాతి. మచ్చిక చెయ్యక్కర్లేదు, అవే ఒళ్ళోకి వచ్చేస్తాయి."

ఆవిడ పెట్టె మూత తీసింది. ఒక్కొక్కదాన్నీ చేతిలోకి తీసుకుని చూడసాగింది.

"దీని కళ్ళ నిండా పుసి. దీని చెవిలో చూడు, కాఫీ పొడి చల్లినట్టు నల్లగా! పురుగులవి. దీని పొట్ట ఉబ్బింది తిండి ఎక్కువై కాదు, ఏలికపాములతో. వయసెంత?"

"రెండు నెలలు దాటాయండీ."

"పళ్ళే సరిగ్గా రాలేదు, రెండు నెలలా? ఎవరి చెవిలో పువ్వు పెడుతున్నావు? టీకా కార్డులేవీ?"

"రేపు రాసిస్తాను."

"నువ్వు రాస్తావా, డాక్టరు రాస్తాడా?"

చేపలకు మేత కొనడానికి వచ్చిన పెద్దాయన పక్కనుంచి నవ్వాడు. దుకాణదారుకి ఒళ్ళు మండింది.

"కొంటే కొనండి, లేకపోతే దయచేయండి. పోలీసుల్లా ఈ ఆరాలేంటి?"

"అమ్మాయి అడిగినదాంట్లో తప్పేముందయ్యా?" అన్నాడు పెద్దాయన.

ఆవిడ చివరి పిల్లని తీసింది. గడ్డం కింద గోధుమరంగు మచ్చ. ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"ఈ మచ్చ ఎవరి పోలిక?"

"తల్లిదే. అచ్చు గుద్దినట్టు దిగింది."

"తల్లిని చూపించు."

"అది ఊళ్ళో లేదు మేడమ్."

"తల్లిని చూడకుండా పిల్లని పట్టుకెళ్ళే పిచ్చిదానిలా కనబడుతున్నానా? అది ఎలా ఉందో, దాన్ని ఎక్కడ పెట్టావో చూడాలి. చూపించు!"

బస్సులో చివరి సీటు దాకా వినబడే గొంతు అది. దుకాణమంతా మోగింది.

వెనక గది తెర చాటునుంచి పిల్లి అరిచింది.

"ఊళ్ళో లేనిది అరిచిందేం?" అంది ఆవిడ.

దుకాణదారు అడ్డం నిలబడ్డాడు. ఆవిడ అతన్ని భుజంతో తోసుకుని, తెర లాగి లోపలికి వెళ్ళింది. వెనకే పెద్దాయన కూడా నడిచాడు.

కిటికీ లేని గది. ముక్కు పగిలే కంపు. ఒళ్ళు తిప్పుకోవడానికి చోటు చాలని పంజరంలో తల్లి పిల్లి. ఎండిపోయిన నీళ్ళ గిన్నె. జడలు కట్టిన బొచ్చు కింద ఎముకలు లెక్కపెట్టొచ్చు.

"ఇది ఎన్నో కాన్పు?"

"మూడోది."

"ఎన్నాళ్ళలో?"

"ఏడాదిలో..." అతను నసిగాడు.

"ప్రాణమనుకున్నావా, మిషననుకున్నావా?" అంటూ ఆవిడ పంజరం వైపు నడిచింది.

"దగ్గరికి పోకండి! నాకే లొంగదు. చెయ్యి పెడితే కరుస్తుంది."

పిల్లి కరవలేదు. ఇందాకటి ఆవిడ అరుపులు విన్నదేమో, అప్పటికే కమ్మీలకు ముఖం ఆనించి నిలబడి ఉంది.

కండక్టరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని, గడియ లాగేసి, ఏడాదిన్నర కిందట తన ఇంటి మేడమెట్ల మీంచి మాయమైన పిల్లిని పేరు పెట్టి పిలిచింది.