నిమ్మకి బాగాలేదు

“ఊదారంగుదే కావాలి,” అన్నాడు తౌనో, దీపాన్ని రెండు చేతులా పట్టుకుని.

“దాని కింద కూర్చుని కాఫీ తాగితే శవాల్లా కనిపిస్తాం. తెల్లది తీసుకుందాం,” అంది అతని భార్య హిల్కా.

“కాఫీ మనకి. దీపం నిమ్మచెట్టుకి. చెట్టుకి ఎరుపూ నీలమూ కావాలి, ఆ రెండూ కలిస్తే ఊదా. చిన్నపిల్లల్నడిగినా చెబుతారు.”

“పక్కవాళ్ళు మన కిటికీ చూసి పోలీసులకి ఫోన్ చేస్తారు, లోపల గంజాయి పెంచుతున్నామని.”

“చేయనీ. ఈ చీకట్లో మనింటికి వచ్చేదెవరు? పోలీసులైనా వస్తారు. కాఫీ పోద్దాం.”

దీపాల కొట్టు యజమాని సిర్పా బల్ల వెనక నిలబడి ఇద్దర్నీ చూస్తోంది. బయట మిట్టమధ్యాహ్నం వీధి దీపాలు వెలుగుతున్నాయి. ఫిన్లండ్ ఉత్తర కొసనున్న ఇవాలోలో సూర్యుడు మళ్ళీ కనిపించేది జనవరిలోనే.

తౌనో ఆమె వైపు తిరిగాడు. “నువ్వు చెప్పు సిర్పా. నిమ్మకి ఏది మంచిది?”

దీపాల విషయంలో సిర్పా ఎన్నడూ అబద్ధమాడలేదు. హిల్కా వైపు చూసింది. హిల్కా తలెత్తలేదు. ఆమె కోటు బొత్తాలు ఒక కాజా తప్పి పెట్టి ఉన్నాయి.

“తెల్లది,” అంది సిర్పా.

ఆ పొద్దున కొట్టు తెరవగానే హిల్కా ఒక్కతే వచ్చింది. “మా నిమ్మకి బాగాలేదు,” అంది. సిర్పా కుర్చీ చూపించింది. ఈ చీకటి రోజుల్లో ఆ ఊళ్ళో ఎవరూ తమకి బాగాలేదని చెప్పరు. మొక్కకి బాగాలేదంటారు. వినేవాళ్ళూ మొక్క గురించే అడుగుతారు.

“ఆకులు రాలుస్తోందా?”

“పొద్దున లేవడం లేదు. ఎవరితోనూ మాట్లాడటం లేదు.” హిల్కా కాసేపు చేతితొడుగుల్ని మెలిపెట్టింది. “తౌనో,” అంది. “ఈ చీకటి దిగులు పోవడానికి డాక్టరు రోజూ పొద్దున్నే అరగంట వెలుగు దీపం ముందు కూర్చోమన్నాడు. ‘దీపం కింద కూర్చోడానికి నేనేమన్నా గుడ్లు పెట్టే కోడినా’ అని లేచి వచ్చేశాడు. పోయిన చలికాలం ఎలాగో గట్టెక్కాం. ఈసారి నాకు భయంగా ఉంది.”

సిర్పా లేచి అర దగ్గరికి వెళ్ళింది. మనుషుల కోసం చేసిన వెలుగు దీపం ఒకటి కిందికి దించింది. చూడ్డానికి అది మొక్కల దీపానికి తోబుట్టువే. అదే తెల్ల పలక, అదే కాలు. పలక మీద అచ్చువేసిన పేరు కనబడకుండా చీటీ అంటించి, ‘మొక్కలకు’ అని రాసి, మొక్కల దీపాల మధ్య పెట్టింది.

ఇప్పుడు ఆ దీపమే హిల్కా చేతిలో ఉంది.

“భోజనాల బల్ల మీద, మొహమంత ఎత్తున పెట్టండి,” అంది సిర్పా. “పొద్దున్నే అరగంట. ఎవరో ఒకరు దగ్గరే కూర్చుని కుండీ తిప్పుతుండాలి.”

“అరగంటా? మా అమ్మ నన్నే అంతసేపు ఊపలేదు ఉయ్యాల్లో,” అన్నాడు తౌనో.

చీకటి పట్టిన మనిషి ఇంతగా మాట్లాడటం సిర్పాకి వింతగా తోచింది. కొందరు మాటల చాటున దాక్కుంటారులే అనుకుంది.

తౌనో ఊదాదాన్ని అరలో పెట్టేసి, భార్య చేతిలోంచి తెల్లదాన్ని అందుకుని చంకలో పెట్టుకున్నాడు. “ఆడవాళ్ళిద్దరూ ఒక్కటైతే ఇక చెట్టుకి నోరెక్కడిది!” అంటూ తలుపు తీశాడు.

సూర్యుడు తిరిగొచ్చే వారంలో తౌనో మళ్ళీ వచ్చాడు, ఒక్కడే. టోపీ మీద మంచు దులుపుకుని నేరుగా మొక్కల దీపాల దగ్గరికి వెళ్ళాడు.

“నిమ్మ ఎలా ఉంది?” అంది సిర్పా.

“సగం ఆకులు రాల్చేసింది.” ఊదా దీపం తెచ్చి బల్ల మీద పెట్టాడు. “పాపం, దాన్ని కూడా బతికించాలిగా. ఇది కట్టివ్వు.”

“తెల్లది వెనక్కి ఇచ్చేస్తారా?”

“భలేదానివే! దాని జోలికి వెళ్ళకు.” జేబులోంచి ముడతలు పడ్డ చీటీ తీసి ఆమె ముందు పరిచాడు. ‘మొక్కలకు.’ సిర్పా చేతిరాతే. “రాత్రి ఊడి కింద పడింది. ఇంకొకటి రాసివ్వు. ఈసారి జిగురు గట్టిగా పట్టాలి. ఆవిడ నిద్ర లేచేలోపు అంటించేద్దామనుకున్నా గానీ, ఇది నిలవడం లేదు. ఇప్పటికి పలక మీది పేరు కనబడకుండా పిండి ముద్ద అద్ది వచ్చా.”

సిర్పా కలం తీసింది గానీ రాయలేదు. “మీకు ఎప్పటినుంచి తెలుసు?”

“ముసలోణ్ణి అయ్యేదాకా కరెంటు పనే చేశాను. మనుషుల దీపమేదో, మొక్కల దీపమేదో నాకు తెలీదా? ఆ రోజు నేను ఊదాదాని కోసం అంత పేచీ పెట్టకపోతే, ఆవిడ తెల్లది వదిలేసి ఇంటికి పోయుండేది. ఆవిడకి ఎదురు చెబితేనే పట్టుదల.”

“మరి దాని ముందు రోజూ కూర్చుంటున్నారా?”

“కుండీ తిప్పే పనా? ఒక్క రోజు తప్పలేదు. ఈ మధ్య పాట కూడా.”

“హమ్మయ్య,” అంది సిర్పా. చీటీ రాసి, జిగురు పూసి, పలక మీద పెట్టాల్సిన తీరు చూపించింది. “మీరు డాక్టరు దగ్గర కోడి మాట అని లేచి వచ్చేశారని విన్నప్పుడు, ఈయన ఎవరి మాటా వినడనుకున్నాను.”

తౌనో చీటీ అందుకోబోయి ఆగాడు.

“కోడినా అని నేనన్నానని చెప్పిందా?” అన్నాడు. “ఆ దీపం డాక్టరు రాసింది హిల్కాకి.”