చెత్తడబ్బా బయట పెట్టావా?

“ఒరే వేడ్! చెత్తడబ్బా బయట పెట్టావా లేదా?”

బాస్కెట్‌బాల్ హాలంతా కిక్కురుమనకుండా ఉన్న సమయంలో వచ్చిన ఆ అరుపు పైకప్పుకు తగిలి మళ్ళీ కిందికి వచ్చింది. ఎవరూ అడ్డు రాకుండా బంతి వేసే ఫ్రీ త్రో గీత దగ్గర బంతి పట్టుకుని నిలబడ్డ వేడ్ టాకెట్ మెడ కొద్దిగా తిప్పాడు. తర్వాత బంతి వదిలాడు. అది రింగును తాకకుండా వలలోకి దిగింది. స్కోరు సమమైంది.

చప్పట్లు కొట్టాల్సిన జనంలో సగం మంది, అరిచింది ఎవరా అని వెనక్కి తిరిగి చూశారు.

ఆ వరుసల బాధ్యత లోవెల్‌ది. ఎర్రకోటు గుండీ పెట్టుకుంటూ మెట్లు దిగి వచ్చాడు. చివరి కుర్చీలో డెబ్బై ఏళ్ళ ఆవిడ ఒకరు, ఒళ్ళో చేతిసంచి పెట్టుకుని నిటారుగా కూర్చుని ఉంది.

“అరిచింది మీరేనా అమ్మా?”

“నేనే.”

“మనవాడు ఫ్రీ త్రో వేస్తుంటే ఇక్కడ ఎవరూ చిన్న దగ్గు కూడా దగ్గరమ్మా. అవతలివాడు వేసేటప్పుడు అరవండి. కుర్చీ ఎక్కి అరిచినా ఎవరూ ఏమీ అనరు.”

“అవతలివాడితో నాకేం పని?”

వెనక కుర్చీలో పాప్‌కార్న్ తింటున్న మనిషి ముందుకు వంగాడు. “అవతలివాళ్ళు పంపించిన మనిషే ఈవిడ. చూస్తావేంటి లోవెల్, బయటికి పంపించెయ్!”

“టికెట్టు నా డబ్బుతో కొనుక్కున్నాను,” అంది ఆవిడ, తల తిప్పకుండానే. “నువ్వు నా కోటు మీద వెన్న కార్చకు.”

అవతలి కోచ్ టైమ్ అవుట్ అడిగాడు. కుర్రవాడు కాసేపు నిలబడి ఆలోచించుకుంటే గురి తప్పుతుందని అతని ఆశ. రెండో ఫ్రీ త్రో మిగిలి ఉంది. పడితే గెలుపు. పోతే అదనపు ఆట ఉంటుంది గాని, అందులో వేడ్ ఉండడు. ఈ హాల్లో ఇంకొక్కటి పోగొట్టినా వాణ్ణి ఇక బెంచీ మీదే కూర్చోబెడతానని సొంత కోచ్ పొద్దున్నే పత్రికలకు చెప్పాడు.

కిందటేడాది ఈ కుర్రవాడి కోసం పెద్ద పెద్ద కాలేజీల కోచ్‌లు కొండదారుల్లో కార్లు వేసుకుని తిరిగారు. వాళ్ళింటి వంటగదిలో కూర్చుని, వాళ్ళ అమ్మమ్మ పెట్టిన బీన్స్ తిని, ఇంకొంచెం కావాలని అడిగారు. చివరికి వాడు ఈ కాలేజీనే ఎంచుకుని, దాని టోపీ తీసి తలకు పెట్టుకున్నాడు. బయటి ఊళ్ళలో వాడికి ఫ్రీ త్రో తప్పిందే లేదు. జనం రింగు వెనక నిలబడి దుప్పట్లు ఊపినా, నోటికొచ్చినట్టు తిట్టినా పడేది. సొంత హాల్లో మాత్రం ఇవాళ్టి దాకా ఒక్కటీ పడలేదు. దీపాల వల్ల అన్నారు కొందరు. రింగు వల్ల అన్నారు కొందరు. ప్రేమ వ్యవహారం అన్నారు ఇంకొందరు. కాలేజీవాళ్ళు దీపాలు మార్చారు. రింగు మార్చారు. ప్రేమ సంగతి వాణ్ణే అడిగారు. లేదన్నాడు.

“లేవండమ్మా,” అన్నాడు లోవెల్. “ఇయర్‌ఫోన్‌లో పైవాళ్ళది ఒకటే గోల.”

ఆవిడ సంచిలోంచి దగ్గుబిళ్ళ తీసి నోట్లో వేసుకుంది. “నాకు అరిచే అలవాటు లేదు. గొంతు మండిపోతోంది.”

“మరి ఎందుకు అరిచారు?”

“పడిందా లేదా?”

లోవెల్ స్కోరు బోర్డు వైపు చూశాడు.

“గుడ్డిదెబ్బ!” అన్నాడు పాప్‌కార్న్ మనిషి.

“అలాంటి గుడ్డిదెబ్బ ఈ హాల్లో ఇంతకుముందు ఎప్పుడైనా చూశావా?” అంది ఆవిడ.

ఈల మోగింది. జనం చేతులు పైకెత్తి, ఊపిరి బిగబట్టారు. వేడ్ గీత దగ్గరికి వచ్చాడు. బంతిని నేలకు కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. పట్టుకున్నాడు. వెయ్యలేదు. తల తిప్పి ఇటువైపు చూశాడు. రిఫరీ చెయ్యి ఊపుతూ సెకన్లు లెక్కపెడుతున్నాడు.

“లోవెల్, ఆవిడ ఇంకా అక్కడే ఉందేంటి?” అంది చెవిలోని గొంతు.

లోవెల్ చెవిలోని ఇయర్‌ఫోన్ ఊడదీసి జేబులో వేసుకున్నాడు.

“కానివ్వండమ్మా,” అన్నాడు.

ఆవిడ నోట్లోని బిళ్ళ తీసి రుమాల్లో చుట్టింది. లేచి నిలబడింది.

“ఆ మోచేతులేంట్రా, దండెం కర్రల్లాగా! బీన్స్ చల్లారిపోయాయి, మొక్కజొన్న రొట్టె రాయైపోయింది, దొరగారికింకా ఆటే! ఆ ఒక్కటీ వేసి లోపలికి తగలడు!”

అందులో కోపం లేదు. పిల్లలు ఎక్కాలు అప్పజెప్పినట్టు ఒక్క మాటా మరిచిపోకుండా అప్పజెప్పింది.

వేడ్ మోచెయ్యి కొద్దిగా లోపలికి తీసుకున్నాడు. బంతి వదిలాడు.

హాలు లేచి నిలబడింది. పాప్‌కార్న్ మనిషి పొట్లం గాల్లోకి విసిరి లోవెల్‌ను వాటేసుకున్నాడు. కింద తోటి ఆటగాళ్ళు వేడ్ మీద పడ్డారు. వాడు చొక్కా అంచుతో మొహం తుడుచుకున్నాడు. తుడుచుకున్నాక కూడా ఆ చొక్కాను మొహం మీద అలాగే ఉంచుకున్నాడు.

“వాడి అమ్మమ్మనని ముందే ఒక్క మాట చెబితే ముందు వరుసలో కూర్చోబెట్టేవాణ్ణి కదమ్మా!” అన్నాడు లోవెల్.

ఆవిడ కోటు మీద పడ్డ పాప్‌కార్న్ దులుపుకుని, సంచి భుజానికి తగిలించుకుంది.

“వాళ్ళ అమ్మమ్మని సెప్టెంబరులో మట్టి చేశాం నాయనా. నేను, వాడు పెరట్లో బంతి వేస్తుంటే ఇలా అరిచే ఆవిడ నోరు మూయించమని ప్రతి ఎండాకాలం షెరీఫ్‌కి ఫోన్ చేసిన పక్కింటిదాన్ని.”