వారానికెన్ని ఒక్కపొద్దులు

దేవుడి గూటి ముందు దీపం పెట్టి లేవబోయిన సన్యాసమ్మ, గోడ పట్టుకున్నా లేవలేక నేల మీద కూలబడిపోయింది.

పోర్టు డ్యూటీకి బూట్లు వేసుకుంటున్న మనవడు సింహాద్రి పరిగెత్తుకొచ్చి ఎత్తుకున్నాడు. ఎత్తితే చేతుల్లో మనిషి ఉన్నట్టే లేదు.

"సోమవారం శివుడికి, శనివారం సింహాచలం అప్పన్నకి, మధ్యలో ఇంకెవరికో. వారమంతా ఒక్కపొద్దులుంటే కాళ్లలో సత్తువేటుంటాదే మామ్మా?"

కసురుతూనే తన క్యారేజీలోంచి ఉడకబెట్టిన గుడ్డు తీసి నోటి దగ్గర పెట్టాడు. "తిను. అప్పన్న ఏటీ అనుకోడు."

ఆమె నోరు తెరవలేదు. అతని చొక్కా మాత్రం గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

"దేవుడి కోసం కాదురా," అంది. "తింటే దొడ్డికెళ్లాల. రెండు నెలల కితం ఓ రోజు నువ్వు డూటీకెళ్లాక ఎళ్లి కూకున్నాను. మరి లేవలేకపోనాను. పిలిస్తే పలికేవోళ్లు లేరు. పొద్దుగూకేదాకా ఆ తడిలోనే ఉండి, నువ్వొచ్చే ముందు పాక్కుంటా బయటికొచ్చాను. నీకు సెప్పడానికి సిగ్గేసింది."

వీధిలో డ్యూటీ బస్సు హారన్ కొట్టింది.

"ఇప్పుడు తినమంటన్నావు," అంది చొక్కా వదలకుండా, "నువ్వెళిపోతావు గదా."