దిండ్ల దొంగ

మా ఎముకల డాక్టరుకి భయమంటే ఏమిటో తెలియదు. విరిగిన ఎముక కనబడితే ఆకలిగొన్నవాడు అన్నం పళ్ళేన్ని చూసినట్టు చూస్తాడు. ఈ మాట ఎవరి ముందైనా గుండెల మీద చెయ్యేసుకుని చెబుతాను.

అంతటి డాక్టరు వార్డులో దొంగతనం జరిగింది. పోయినవి దిండ్లు.

కరెంటు స్తంభం మీంచి జారి ఒంటి మడమ మీద దిగిన లైన్‌మన్ అక్కడ పడుకుని ఉన్నాడు. మడమ ఎముకా విరిగింది, దాని మీద కూర్చునే చీలమండ ఎముకా విరిగింది. రెండూ జంటగా విరగడం చాలా అరుదట. కాలు గుమ్మడికాయలా ఉబ్బింది. వాపు దిగి, చర్మం మీద ముడతలు పడితేగానీ కత్తి పెట్టకూడదు. అందుకే కాలి కింద దిండ్లు పేర్చి ఎత్తులో ఉంచారు. మరీ ఆలస్యమైతే ఎముకలు వంకరగా అతుక్కుంటాయి. ఇక అతను స్తంభం ఎక్కే మాట మరిచిపోవాల్సిందే.

మధ్యాహ్నం అతను మందు మత్తులోనూ, మిగతా వార్డంతా కునుకులోనూ ఉండగా దిండ్లు మాయమయ్యేవి. కాలు కిందికి వాలేది, వాపు మళ్ళీ ఎక్కేది. సాయంత్రం డాక్టరు వచ్చి చర్మం గిల్లి చూసి, "ముడత లేదు. ఆపరేషన్ వాయిదా" అంటూ పెద్ద నిట్టూర్పు విడిచేవాడు. పాపం, ఎంత బాధపడుతున్నాడో అనుకునేవారు అందరూ.

లైన్‌మన్ భార్య తన తమ్ముణ్ణి నిలదీసింది. "ఒరేయ్, నిజం చెప్పు. నీ తల కిందకే కదూ పోతున్నాయి?"

"నీ మీదొట్టక్కా! బెంచీ మీద చెయ్యే తలగడ చేసుకుని పడుకుంటున్నా. ఆపరేషనంటే హడలి బావే తన్నేస్తున్నాడేమో!"

"ఈ కాలితోనా? తన్నే ఓపికే ఉంటే ముందు నిన్ను తన్నేవాణ్ణిరా" అన్నాడు మంచం మీద బావ.

మర్నాడు ఆమె మంచం కింద దూరి ఊపిరి బిగబట్టింది. చెప్పుల్లేని పాదాలు రెండు మునివేళ్ళ మీద వచ్చి ఆగాయి. ఠక్కున ఒక చీలమండ దొరకబుచ్చుకుంది.

"కేకెయ్యకమ్మా, నీకు పుణ్యముంటుంది!"

చంకలో దిండ్లతో డాక్టరు!

"మీరా! ఇదేం బుద్ధండీ డాక్టరుగారూ?"

"ఈ రెండెముకలూ కలిసి విరిగిన కాలు పుస్తకంలో తప్ప చూడలేదమ్మా. తల్చుకుంటేనే భయమేస్తోంది. మా గురువుగారికి కబురు పెట్టాను. ఆయన వచ్చేదాకా కాస్త ఉబ్బి ఉండనీ."

"అందాకా మా ఆయన కాలు ఊరబెడతారా? పెట్టండి, దిండ్లు అక్కడ పెట్టండి!"

సరే, భయం తెలియదన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. గుండెల మీంచి చెయ్యి కూడా తీసేశాను.

గురువుగారు వచ్చారు. తెల్లటి గుబురు మీసాలు, చల్లని చూపు. రెండెముకల ముక్కలూ ఓపిగ్గా సర్ది, స్టీలు పలకా మరలూ బిగించారు. మన డాక్టరు పక్కన నిలబడి కత్తెర్లు అందించాడు. ఇప్పుడు లైన్‌మన్ మళ్ళీ స్తంభాలెక్కుతున్నాడు. పైనుంచి నన్ను చూసి "ఏం తాతా, ఎవరికి కోస్తున్నావ్ కోతలు?" అని అరుస్తాడు.

ఒట్టు, ఇందులో నేను కల్పించింది గురువుగారి రాక ఒక్కటే. ఆయన రానేలేదు. ముడతలు పడిన రోజున ఆ దిండ్ల దొంగే వణుక్కుంటూ లోపలికి వెళ్ళి, రెండెముకలూ తన చేత్తోనే అతికించి బయటికొచ్చాడు. ఆపరేషన్ థియేటరు గుమ్మానికి అడ్డంగా లైన్‌మన్ భార్య బైఠాయించింది మరి, పారిపోయే దారేదీ?