మరిచిపోయిన బరువు

మూడో విమానం కూడా, రాకెట్లతో నెట్టి గాల్లోకి వదిలే పట్టాల చివర తూలి సముద్రంలో పడింది.

నడిపిన కుర్రాడు ఈదుకుంటూ ఒడ్డుకొచ్చాడు.

కొండమీద లెఫ్టినెంట్ ఇబుకి లెక్కల గుమాస్తాను గుండెలమీద తన్నాడు.

“నెగిషీ! రాకెట్లు ఎంత బలంతో నెట్టాలో లెక్కకట్టడం కూడా చేతకాదా?”

నెగిషి కళ్ళజోడు వెతుక్కుంటూ లేచాడు. యుద్ధం వచ్చి, అతను లెక్కలు చెప్పే బడి మూతపడితే ఇక్కడికి పంపారు. అంతకుమించి అతని సంగతి ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు కూడా.

“మనిషి బరువు కలపడం మరిచానండీ.”

అందరూ పగలబడి నవ్వారు.

“మరి బళ్ళో పిల్లలకి ఏం వెలగబెట్టావయ్యా?”

“బరువు పెరిగితే, అదే వేగం అందుకోవడానికి బలం కూడా పెరగాలనండీ.”

ఇంకో తన్ను పడింది.

“రేపు తోడో వంతు. వెళ్ళి శత్రువు ఓడని గుద్దాలి. మళ్ళీ మరిచావో, నీ ప్రాణం తీస్తాను!”

తోడోకి పందొమ్మిదేళ్ళు. శవం కూడా దొరకని చావు కనుక జుట్టు, గోళ్ళు కత్తిరించి ముందే ఇంటికి పంపేశాడు.

సాయంత్రం అతనే వచ్చాడు.

“మాస్టారూ, అమ్మ ఈపాటికి నా పటం ముందు అగరొత్తులు వెలిగించి ఉంటుంది. నన్ను నవ్వులపాలు చెయ్యకండి.”

నెగిషి అతన్ని బియ్యం కాటామీద నిలబెట్టి రెండుసార్లు తూచాడు.

“యాభై ఆరు కిలోలు. రాసుకున్నాను బాబూ.”

తెల్లారాక నాలుగో విమానమూ సముద్రంలోనే పడింది.

తోడో తడిబట్టలతో కొండెక్కి, ఇబుకి చేతిలోని వెదురుకర్ర లాక్కున్నాడు. మొదటి దెబ్బ అతనిదే.

“నా పరువు తీశావు కదరా!”

నెగిషి నెత్తురు ఉమ్మి అడిగాడు.

“నీళ్ళేమీ మింగలేదు కదా బాబూ?”

వెక్కిరిస్తున్నాడనుకున్నారు. ఇరవైమంది మీదపడి, చేతులు నొప్పెట్టేదాకా కొట్టారు. మనిషిని కొట్టడానికి ఎవరికీ లెక్కలు రానక్కర్లేదు. పాపం, మధ్యాహ్నానికి ప్రాణం పోయింది.

ఐదోరోజున యుద్ధం ముగిసిందని రేడియో చెప్పింది. శత్రువు వచ్చేలోగా కాగితాలన్నీ తగలబెట్టమన్నారు.

నెగిషి నోటుపుస్తకం తోడో చేతికొచ్చింది. మంటలో వేయబోతూ తెరిచాడు.

నాలుగు పేజీలు, నాలుగు పేర్లు. తన పేరు కింద యాభై ఆరు కిలోలూ కలిపి చేసిన లెక్క ఉంది. ఒక్క అంకె కూడా తప్పు లేదు. ఆ కిందే మనిషి బరువుకి కావలసిన బలం మాత్రం తీసేసి, రాకెట్లవాళ్ళకి చెప్పిన అంకె ఉంది.

తోడో మిగతా పేజీలూ తిప్పాడు.

నాలుగు పేర్ల పక్కనా రెండేసి మాటలు రాసుకున్నాడు ఆ మాస్టారు: ‘ఈత వచ్చు.’